పొట్టేలు కొమ్ముల సైకిలు

సిరిసిల్ల నేతవాడలో పొద్దున సాంచాలు మొదలయ్యాయంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. సాంచాలంటే మరమగ్గాలే, అక్కడ అందరూ అలాగే అంటారు. అంత మోతలో కూడా, నలభై ఏళ్ళ మమతారాణికి సైకిల్ పిచ్చి పట్టిందన్న కబురు ఒక్క పూటలో వాడంతా తిరిగొచ్చింది. పిచ్చంటే మామూలు పిచ్చి కాదు. కూర తాలింపు మాడిపోతున్నా ఆమె చూపు ఫోన్లో సైకిళ్ళ మీదే. నూలును చిన్న గొట్టాలకు చుట్టి కండెలు చేయడం ఆమె పని. ఒక చేత్తో ఆ పని నడిపిస్తూ రెండో చేత్తో ఫోన్ పట్టుకుని ఏ భాషో తెలియని వీడియోలు చూసేది. భాష తెలియకపోతేనేం, ఆ మోతలో ఎటూ వినపడదు. మనుషులు వంగి తొక్కుతూ కొండ మలుపులు తిరుగుతుంటే, కూర్చున్న పీట మీదే తనూ అటూ ఇటూ ఒరిగేది.

ఈ పిచ్చి అంటుకున్నది కరీంనగర్‌లో, డ్యామ్ కట్ట మీద. ఓ చుట్టాల ఇంట్లో పుట్టువెంట్రుకలకని వెళ్ళి, మర్నాడు పొద్దున్నే గాలికి కట్ట మీదికి నడిస్తే, అక్కడ ఓ గుంపు సైకిళ్ళు ఆపి నీళ్ళు తాగుతోంది. అందులో ఒకావిడ తన ఈడుదే. హెల్మెట్ కింద నుంచి నెరిసిన వెంట్రుకలు కనపడుతున్నాయి. సైకిల్ హ్యాండిల్ చూస్తే ముందుకు పోయి, కిందికి వంగి, మళ్ళీ వెనక్కి తిరిగింది. టైర్లు వేలెడంత సన్నం. మమతారాణి ఆగలేకపోయింది.

“అక్కా, జర పట్టుకొని సూడనా?”

ఆవిడ నవ్వి ఇచ్చేసింది. మమతారాణి లేపి చూసింది. అంత పొడుగు సైకిల్ బియ్యం చాటంత తేలిగ్గా పైకి లేచింది! ఆ తరవాత అడిగిందో అడగలేదో ఎవరికీ గుర్తులేదు కానీ, ఎక్కేసింది. పెడల్ మీద అలా కాలు మోపితే చాలు, సైకిల్ అప్పటిదాకా దాని కోసమే కాచుక్కూచున్నట్టు దూసుకుపోయింది. నీళ్ళు ఒక పక్క, ఎండ ఒక పక్క, చెవుల్లో గాలి. నవ్వు తెలియకుండానే వచ్చేసింది, అదీ చిన్న నవ్వు కాదు, కట్ట మీద నడిచే పెద్దమనుషులు తిరిగి చూసేంత నవ్వు. సైకిల్ తిరిగి ఇచ్చి, అది కట్ట మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు అన్నం సయించలేదు.

సైకిల్ తొక్కడం ఆమెకు కొత్త కాదు. కూతురు నవీన చదువుకని హాస్టల్‌కు వెళ్ళాక, ఇంట్లో మిగిలిన పాత లేడీస్ సైకిల్ మీద కండెల సంచులు వేసుకుని ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు రోజూ తిరిగేదే. ఆమె సందు మలుపు తిరుగుతుంటే మేకలు వాటంతట అవే పక్కకు తప్పుకునేవి. కానీ అది సరుకు మోసే సైకిల్. ఇప్పుడు మనసు పడ్డది ఏమీ మోయని సైకిల్ మీద, తనను తప్ప. అక్కడే వచ్చింది ఇంట్లో తంటా.

అత్త భూమవ్వ ఫోన్లో బొమ్మను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, అన్ని వైపుల నుంచీ పరీక్ష చేసింది.

“గిదేంది బిడ్డా, పొట్టేలు కొమ్ములున్నయి గని క్యారేజి లేదు, స్టాండు లేదు, మడ్గార్డు లేదు, గంట సుత లేదు. అన్ని ఊడవీకినంక అమ్ముతుండ్రా?”

“అన్ని తీసేసిన్రు గనకనే ధర ఎక్కువ అత్తమ్మా.”

“గట్లనా? అయితె మీ మామ సైకిలు ఉంచుకునేదుండె. దానికి ఆఖరికి సీటు సుత లేకుండె, లచ్చలు పలుకుతుండె.”

భర్త ఓంప్రకాశ్ సాంచాలు నడిపే మనిషి. చెడ్డవాడు కాడు, పిసినారీ కాడు. ఇంట్లో ఏ వస్తువు కొన్నా నలుగురికీ పనికి రావాలన్నది అతని సిద్ధాంతం. ఫ్యాను కొంటే అందరికీ గాలి రావాలి, టీవీ కొంటే అందరూ చూడాలి, చీర కొంటే కూడా అత్త కట్టుకోదగ్గ రంగే కొనాలి. పెళ్ళయినప్పటి నుంచి మమతారాణికి వచ్చిన ప్రతి వస్తువూ ఇలా నలుగురి ఇష్టాల్లో నలిగి నలిగి వచ్చిందే. ఆమె కూడా ఏనాడూ కాదనలేదు. ఇది కావాలని నోరు తెరిచి అడగడం ఇదే మొదటిసారి.

డబ్బు ఆమెదే. కండెల కూలిలోంచి మిగిల్చి వేసిన చిట్టి ఈసారి ఆమె పేరున వచ్చింది. దానితో కొత్త సైకిల్ రాదు, ఎవరో కొంతకాలం తొక్కి వదిలేసింది వస్తుంది. అదీ ఒక్కటంటే ఒక్కటి. ఎంపిక తప్పిందా, ఇంకో చిట్టి చేతికొచ్చే నాటికి నవీన చదువో ఇంటి కప్పో దాన్ని మింగేయడం ఖాయం. మళ్ళీ సైకిల్ అంటే ఊరంతా నవ్వుతుంది కూడా. అంటే ఇప్పుడు కుదిరితేనే కుదిరినట్టు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు సంతోషంతో పాటు భయం కూడా వేసేది.

ఓంప్రకాశ్‌కు కరీంనగర్‌లో ఖాసిం భాయ్ అనే పాత సైకిళ్ళ వ్యాపారి తెలుసు. హైదరాబాద్ నుంచి వాడిన సైకిళ్ళు తెప్పించి బాగుచేసి అమ్ముతాడు. సాంచెకు ఏదో భాగం కొనడానికి వెళ్ళే రోజున ఓంప్రకాశ్ పెద్దమనసు చేసుకుని అన్నాడు.

“నువ్వెందుకు పరేషాన్ అవుడు? నేనెట్లన్న పోతున్న. కొల్త తీస్కపోత, మంచిది జూసి బయానా ఇచ్చొస్త.”

“నేను సుత వస్త.”

“బట్టలు కుట్టిచ్చేటందుకు కొల్త పంపిస్తలేమా? గిది గట్లనే.”

ఓంప్రకాశ్ ఆమెను తలుపుకు ఆనించి నిలబెట్టి, కాలి మడమ నుంచి తొడ పైదాకా నూలు పోగుతో కొలిచాడు. ఆమెకేమో చక్కిలిగింతలు. కదలొద్దంటే నవ్వుతుంది, నవ్వొద్దంటే కదులుతుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు పట్టపగలు ఇదేం పనిరా అని భూమవ్వ చీపురు పట్టుకుని బయటికి నడిచింది. చివరికి పోగుకు ముడి పడింది, ముడి జేబులో పడింది.

మధ్యాహ్నానికి ఫోన్ మోగింది.

“కొన్ననే! అంటె, బయానా ఇచ్చిన. నీలం రంగు! ఏం మెరుస్తుందో! కొమ్ములున్నయి, గేర్లున్నయి, ఒక్క గీత సుత లేదు!”

“నాకందుతదా?”

“నూలు వెట్టి కొలిచిన. దానికీ నీకూ పెండ్లి జేసినట్టే.”

మమతారాణి షెడ్డు బయటికి పరుగెత్తుకొచ్చి, ఎదురుగా కనపడ్డ పక్కింటి బాలలక్ష్మి రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పింది. బాలలక్ష్మి చేతిలో ఉన్న పాలగిన్నె సంగతి ఇద్దరికీ గుర్తులేదు. పాలు పోయినందుకు ఆవిడ తిట్టిపోసింది, కారణం విన్నాక తనూ నవ్వింది.

శుక్రవారం మంచిదని భూమవ్వ అన్నది. ఆడవాళ్ళకు టికెట్ లేని బస్సుకని ఆధార్ కార్డులు పట్టుకుని అత్తాకోడళ్ళు బస్సులో, ఓంప్రకాశ్ మోటార్ సైకిల్ మీద, పొద్దున్నే కరీంనగర్ చేరారు. మమతారాణి పంజాబీ డ్రెస్ వేసుకుని చున్నీ నడుముకు బిగించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిలో ప్రతి ఎత్తూ, ప్రతి పల్లమూ చూస్తూ, ఇక్కడ ఏ గేరు, అక్కడ ఏ గేరు అని లోలోపల మార్చుకుంటూ వచ్చింది. పక్క సీటావిడ ఈవిడకు పూనకం వస్తోందేమోనని జరిగి కూర్చుంది.

ఖాసిం భాయ్ దుకాణం ముందు నీలం సైకిల్ నిలబెట్టి ఉంది. నిజంగానే అందమైనది. చూడగానే మమతారాణి అటు నడిచింది. ఆమె దగ్గరికి వెళ్ళేలోపే ఓంప్రకాశ్ సంచిలోంచి దండ తీశాడు, పసుపు కుంకుమ తీశాడు, కొబ్బరికాయ తీశాడు, నిమ్మకాయ తీశాడు. ఈ ప్రాంతంలో కొత్త బండి పూజ లేకుండా అడుగు కదలదు. ట్రాక్టరైనా అంతే, ఆటో అయినా అంతే. కొమ్ములకు దండ పడింది. సీటుకు బొట్టు పడింది. ఖాసిం భాయ్ తన అగ్గిపెట్టె ఇచ్చి అగరొత్తులు వెలిగించడానికి గాలికి అడ్డం నిలబడ్డాడు.

తంటా నిమ్మకాయతో వచ్చింది. కారు చక్రం కిందైతే నిమ్మకాయ బుద్ధిగా చితుకుతుంది. ఈ వేలెడు టైరు కింద పెట్టి ముందుకు తోస్తే, జారి పక్క చాయ్ హోటల్ బల్ల కిందికి దొర్లింది. మళ్ళీ తెచ్చి పెడితే ఈసారి రోడ్డు దాటబోయింది. భూమవ్వ దాని వెంట పడింది. చాయ్ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడి, అవ్వా ఎడమకు, అవ్వా కుడికి అని సలహాలు మొదలుపెట్టారు. ఆఖరికి ఖాసిం భాయ్ రెండు ఇటుకలు తెచ్చి మధ్యలో నిమ్మకాయను ఇరికిస్తే, ఓంప్రకాశ్ తన బరువంతా సైకిల్ మీద వేసి దాన్ని గెలిచాడు. చాయ్ హోటల్ వాళ్ళు చప్పట్లు కొట్టారు.

“ఇగ ఎక్కు!” అన్నాడు ఓంప్రకాశ్, యుద్ధం గెలిచిన మొహంతో.

మమతారాణి కాలు అటు వేసింది. వేశాక తెలిసింది, ఇటు ఉన్న కాలు నేలకు అందడం లేదని. మునివేళ్ళు కిందికి చాచింది. అప్పుడూ అందలేదు. సీటు పూర్తిగా దించారు. అయినా మధ్య కడ్డీ ఆమెకు ఎత్తే. హ్యాండిల్ పట్టుకోబోతే ఎక్కడో దూరాన ఉంది, దాదాపు పడుకుంటే గానీ చెయ్యి ఆనలేదు. ఓంప్రకాశ్ వెనక పట్టుకుని పది గజాలు తోశాడు, ఇక తొక్కుతుందిలే అని వదిలేశాడు. సైకిల్ ఒక పక్కకు, మమతారాణి ఇంకో పక్కకు, దండ తెగి ఆమె మెడలోకి. రోడ్డు మీద మెడలో బంతిపూలతో కూర్చున్న కోడలిని చూసి మొదట నవ్వింది భూమవ్వే. తరవాత మమతారాణి నవ్వింది. తరవాత అందరూ నవ్వారు.

దెబ్బ తగల్లేదు కానీ, నవ్వు ఆగిన తరవాత ఆమె నీలం సైకిల్ వైపు చూసింది. ఇదేనా వచ్చింది? ఇంతేనా?

“కొల్త ఏడున్నది?” అని అడిగింది.

ఓంప్రకాశ్ జేబులోంచి పోగు తీసి రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. చూడగానే ఆమెకు అర్థమైపోయింది. అది చీరలకు వాడే పాలిస్టర్ నూలు, గుంజితే సాగే రకం. ఇరవై ఏళ్ళు సాంచె ముందు నిలబడ్డ చేతులు పోగును వదులుగా పట్టుకోవడం ఎప్పుడో మర్చిపోయాయి. ఇంట్లో కొలిచినప్పుడు ఈమె గెంతులాటలో అది వదులుగా ఉంది. దుకాణంలో సైకిల్ పక్కన పెట్టినప్పుడు అతను అలవాటుకొద్దీ బిగించి పట్టాడు. మమతారాణి ఒక కొస వదిలించింది. పోగు ముడుచుకుంది. భార్య కాళ్ళు అంత పొట్టివని ఓంప్రకాశ్ అప్పుడే కొత్తగా కనుక్కున్నట్టు నోరు తెరిచాడు.

“అయితేంది, తొక్కంగ తొక్కంగ అలవాటైతది” అన్నాడు మెల్లగా.

అలవాటైతది. ఈ మాట మమతారాణికి తెలిసిన మాటే. నిజానికి ఆమె నాలుక చివరిదాకా అదే వచ్చింది. సర్దుకుంటాలే అని నీలం సైకిల్ కొమ్ము పట్టుకుంది కూడా. అప్పుడు దుకాణం లోపల గోడ కొక్కేనికి వేలాడుతున్నది కనపడింది. దోసకాయ రంగు. అక్కడక్కడ పెచ్చులూడింది. పేరు సగం చెరిగిపోయింది. కానీ కొమ్ములున్నాయి, చిన్నదిగా ఉంది.

“భాయ్, గది దించుతవా?”

“అది జర పాతది చెల్లె. పానం మంచిగనే ఉన్నది గని, రంగు పోయింది. ధర సుత దీని అంతనే అయితది.”

“నీలందాని అంతనా? పెచ్చులూడినదానికి గంతనా?” అన్నాడు ఓంప్రకాశ్.

మమతారాణి వినలేదు. అప్పటికే ఎక్కేసింది. కాలు వేస్తే నేల అక్కడే ఉంది. చెయ్యి చాపితే హ్యాండిల్ అక్కడే ఉంది. ఎవరూ తోయలేదు, ఎవరూ పట్టుకోలేదు. చాయ్ హోటల్ దాటింది, మందుల దుకాణం దాటింది, సందు చివరి దాకా వెళ్ళి తిరిగింది. తిరిగి వస్తుంటే చాయ్ హోటల్ దాకా వినపడింది ఆమె నవ్వు, డ్యామ్ కట్ట మీది నవ్వే. బ్రేకు వేసి దిగి, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

“నాకు గిదే కావాలె.”

చెప్పేశాక తనకే భయం వేసింది. ఓంప్రకాశ్ మొహం చిన్నబోయింది.

“ఎట్లనే? దానికి పూజయ్యింది. కొబ్బరికాయ గొట్టినం, నిమ్మకాయ తొక్కిచ్చినం. పూజ జేసిన బండిని నడిరోడ్డు మీద ఇడిసిపెట్టి పోతరా ఎవలన్న? అరిష్టం గాదా?”

అరిష్టం అన్న మాట వచ్చాక ఆ ఇంట్లో ఎవరూ ముందుకు అడుగు వేయరు. మమతారాణి చెయ్యి దోసకాయ రంగు సైకిల్ మీద నుంచి మెల్లగా జారింది. ఖాసిం భాయ్ గడ్డం గోక్కున్నాడు.

“నా మాట వింటవా ఓంప్రకాశ్? నువ్వు మొక్కింది నీ ఇంటామె సల్లగుండాలని గదా, ఇనుము సల్లగుండాలని గాదు గదా? బండి మారితే దువా ఏడికి పోతది? నీలంది నా దుకాణంలనే ఉంటది, ఆ బర్కత్, ఆ కలిసొచ్చుడు, నాకు రానీ. ఇంత మంచి పూజ నా దుకాణం ముంగట ఎవ్వలు చెయ్యలే.”

అందరూ భూమవ్వ వైపు చూశారు. పూజ విషయంలో ఆ ఇంట్లో చివరి మాట ఆమెది. భూమవ్వ మాత్రం తన కాళ్ళ వైపు చూసుకుంటోంది.

“మీ బాపు సుత గిట్లనే కొల్త పట్టుకపోతుండె” అంది కొడుకుతో. “చీపురుపుల్లతోని నా కాలు కొలిచి, అంగట్ల చెప్పులు తెస్తుండె. ఒక్కపారి పెద్దయి, ఒక్కపారి చిన్నయి. బతికినన్నొద్దులు నా కాలు చెప్పుల దుకాణం మొకం జూడలేదురా కొడుకా. తెచ్చినయి మంచిగున్నయని ప్రతిసారి చెప్పిన. అబద్ధం చెప్పిన.”

ఓంప్రకాశ్ ఆ పోగును వేలికి చుడుతూ, విప్పుతూ నిలబడ్డాడు. భూమవ్వ వంగి, నీలం సైకిల్ కొమ్మున మిగిలిన సగం దండ విప్పింది. కోడలి మెడలో మిగతా సగం తీసింది. రెండూ కలిపి ముడేసి దోసకాయ రంగు సైకిల్‌కు కట్టింది. సీటు మీద బొట్టు పెట్టింది. బొట్టు పెట్టిన వేలును కోడలి నుదుటికి కూడా రాసింది.

“పో బిడ్డా. దూరం జూసి పో.”

సైకిల్‌ను సామాన్ల ఆటోలో ఊరికి పంపుదామని ఓంప్రకాశ్ ముందే మాట్లాడుకున్నాడు. ఆ ఆటో ఖాళీగానే తిరిగి వెళ్ళింది. దారిలో ఉన్న కొత్తపల్లి దాకా తొక్కి చూస్తానని, అలిసిపోతే అక్కడ ఆగుతానని మమతారాణి అన్నది. అలాగే అన్నారు అందరూ, ఆగుతుందని ఎవరూ నమ్మలేదు. ఖాసిం భాయ్ ఒక పాత హెల్మెట్ బహుమానంగా ఇచ్చాడు, గాలి చూశాడు, గొలుసుకు నూనె చుక్కలు వేశాడు. చాయ్ హోటల్ జనం వీధి చివరి దాకా వచ్చి సాగనంపారు.

వేములవాడ రోడ్డు మీద పడేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది. రెండు వైపులా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. మమతారాణి వంగి కొమ్ములు పట్టుకుంది. ఒక గేరు మార్చింది, సైకిల్ మాట విన్నది. ఇంకోటి మార్చింది, ఇంకా బాగా విన్నది. ఎవరి సరుకూ లేదు, వెనక సంచి లేదు, దించాల్సిన షెడ్డు లేదు. పత్తి ఏరేవాళ్ళు నడుములెత్తి చూశారు. ఆమె చెయ్యి ఊపబోయి, సైకిల్ వంకర పోతే కెవ్వున అరిచి, మళ్ళీ సర్దుకుని, తనలో తనే పడీ పడీ నవ్వింది. గొంతులోంచి వచ్చేది పాటో కేకో ఆమెకే తెలియలేదు.

వెనక మోటార్ సైకిల్ మీద ఓంప్రకాశ్‌కు ప్రాణం నిలవలేదు. తల్లిని వెనక కూర్చోబెట్టుకుని అంత నెమ్మదిగా నడపడం అతని చేత కాలేదు. ముందు లారీలున్నాయి, గుంతలున్నాయి, దారి తనకు తెలుసు, తను ముందు పోతే ఆమె వెనక వస్తుంది. ఎప్పుడూ అలాగే కదా వచ్చింది. హారన్ కొట్టి, పక్కకు తీసి, ఆమెను దాటబోయాడు.

భూమవ్వ అతని భుజం మీద గట్టిగా ఒక్కటి వేసింది.

“ముంగటికి పోకురా. ఎనకనే ఉండు.”

ఓంప్రకాశ్ గేరు తగ్గించి, కొత్తపల్లి దాటినా, ఆ తరవాత కూడా, వెనకనే ఉన్నాడు.